వరిమడిలో పాతరపడిన భాస్వరము

ఇటీవల రేపల్లె ప్రాంతము నుండి ఒక గృహిణి మాకు ఉత్తరము వ్రాసినారు. ఇంటి జమాఖర్చుల పుస్తకము ఆమె చేతిలోనే యున్నదట. మూడెకరముల మాగాణిని కౌలుకు చేయుచున్నారు. ఎకరమునకు రెండు బస్తాల చొప్పున డి.ఎ.పి. ఏటేటా వరికి వేయుచున్నారు. ఆమె అడిగిన ప్రశ్న ఇది: "ఈ యెరువంతయు ఎక్కడికి పోవుచున్నది? భూసారపరీక్ష కార్డులో భాస్వరము ఎక్కువ అని వ్రాసినారు. ఎక్కువే యున్నచో మేమేల కొనవలెను? ఒక బస్తా తగ్గింతమన్నచో పంట పోవునని మావారు భయపడుచున్నారు. కార్డును నమ్మవలెనా, అలవాటును నమ్మవలెనా?"

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వరి పండించు ప్రతి ఇంటిలోను ఈ ప్రశ్న ఏదో ఒక రూపమున వినబడుచునే యున్నది. కనుక దీనికి కొంత విపులముగనే సమాధానము చెప్ప నెంచినాము.

ముందుగా చిన్న లెక్క చూతము. ఒక టన్ను వడ్లు పండించుటకు వరిపైరు గింజలోను గడ్డిలోను కలిపి సుమారు రెండున్నర నుండి మూడు కిలోల భాస్వరమును నేల నుండి తీసికొనును. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 30 పండినవనుకొందము. అనగా 2,250 కిలోల ధాన్యము. ఇంత పంట తీసికొను భాస్వరము సుమారు 6 కిలోలు. ఎరువుల బస్తాలపై వ్రాయు లెక్కలో, అనగా ఫాస్ఫారిక్ ఆమ్లపు రూపమున, ఇది సుమారు 14 కిలోలు. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో ఈ లెక్కన 23 కిలోలున్నవి. రెండు బస్తాలలో 46 కిలోలు. పైరు కొనిపోయినది 14. నేలలో మిగిలినది 32. పది సంవత్సరములు ఇట్లే సాగినచో ఎకరములో 300 కిలోలకు మించి చేరియుండును.

నత్రజని యైనచో కొంత గాలిలో కలిసి, కొంత నీటితో కొట్టుకొనిపోయి, పోయినదానికి లెక్క చెప్పుట కష్టము. భాస్వరము అట్టిది కాదు. అది ఆవిరి కాదు. బరువైన నేలలలో నీటితో సులభముగా క్రిందికి దిగదు. వేసిన సంవత్సరమున పైరునకు ముట్టునది నూటికి 15 మొదలు 25 పాళ్లు మాత్రమే. తక్కినది నేల పట్టి యుంచును. పూర్వము మన గ్రామములలో ధాన్యమును గోతిలో పోసి పైన మన్ను కప్పి పాతర వేసెడివారు. మన నల్లనేలలు భాస్వరమును అట్లే పాతర వేయుచున్నవి. ఆ పాతరను తెరచునదేది, మూయునదేది యని తెలిసికొనుటయే మన ప్రశ్నకు కీలకము.

కృష్ణా పశ్చిమ డెల్టా నేలలు నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినవి. 1852-55 సంవత్సరముల మధ్య విజయవాడ వద్ద ఆనకట్ట కట్టిన పిమ్మట కాలువల నీటితోపాటు ఎర్రని ఒండ్రు కూడ పొలములకు చేరుచుండెడిది. ఆ ఆనకట్టకు 1952లో గండిపడగా, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి పూర్తియైనది. తరువాత నాగార్జునసాగరము, శ్రీశైలము జలాశయములు ఏర్పడి, నది మోసికొనివచ్చు ఒండ్రులో పెద్ద భాగము పైననే నిలిచిపోవుచున్నది. పూర్వము నది ఉచితముగా ఇచ్చినదానిని నేడు బస్తాలతో కొనవలసి వచ్చుచున్నది.

తెనాలి చుట్టుపట్ల బంకమన్ను ఎక్కువగా గల నల్లనేలలలో సున్నము విశేషము. కొంచెము క్షారగుణము కూడ నున్నది. అందు భాస్వరపు టెరువు వేసినచో, అది ముందు నీటిలో కరగి, పిమ్మట సున్నముతో కలిసి నెమ్మదిగా కరగని పదార్థముగా మారును. సూపర్ ఫాస్ఫేటు ఆమ్లగుణము గలది, డి.ఎ.పి. క్షారగుణము గలది; ఆరంభమున గుళిక చుట్టు కొంత భేదము కనబడినను, కాలము గడచినకొలది ఈ రెంటి గతియు ఒక్కటే. పచ్చి రాతి ఫాస్ఫేటు పొడిని ఈ నేలలలో చల్లుట వలన మాత్రము ప్రయోజనము లేదు. అది కరగుటకు ఆమ్లనేల కావలెను.

ఇంతవరకు చెప్పినది ఆరిన నేల సంగతి. నీరు కట్టినతోడనే కథ మారును. దమ్ము చేసి నీరు నిలిపిన మడిలో ప్రాణవాయువు కొద్ది దినములలో హరించిపోవును. అప్పుడు నేలలోని సూక్ష్మజీవులు ఊపిరికై ఇనుము తుప్పులోని ప్రాణవాయువును వాడుకొనును. తుప్పు రూపములోని ఇనుము కరగు ఇనుముగా మారును. ఆ తుప్పు పట్టి యుంచిన భాస్వరము విడుదలయగును. అదే సమయమున బొగ్గుపులుసు గాలి పెరిగి నేల క్షారగుణమును తగ్గించుటచే, సున్నముతో బంధింపబడిన భాస్వరము కూడ కొంత కరగును. నీరుండుటచే కరగిన భాస్వరము వేళ్లవద్దకు చేరుట సులభమగును. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన శ్రీలంక శాస్త్రవేత్త పొన్నంపెరుమ, నీటమునిగిన నేలల రసాయనమును గూర్చి 1972లో ప్రకటించిన రచనలో ఈ మార్పులను సమగ్రముగా వివరించినారు.

కనుక నీరు నిలువ గట్టుటయే పాతర మూత తెరచుట. నీరు నిలిపిన మూడు నాలుగు వారములలో పైరునకు అందు భాస్వరము బాగుగ పెరుగును. భూసారపరీక్షలో మన్నును ఎండబెట్టి పరీక్షింతురు. సున్నపు నేలలకు ఓల్సెను అను అమెరికా శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1954లో చెప్పిన పద్ధతినే నేటికిని అనుసరించుచున్నారు. ఆరిన మన్ను చూపిన అంకెకంటె నీటమునిగిన మడి వరికి ఎక్కువగనే ఇచ్చును. అనగా కార్డులో భాస్వరము ఎక్కువ అని యున్నచో, వరి విషయమున దానిని ధైర్యముగా నమ్మవచ్చును. దాళ్వాలో చలిచే సూక్ష్మజీవుల పని మందగించును గనుక విడుదల ఆలస్యమగును. అప్పుడు నాట్లకు ముందు వేయు భాస్వరము విలువ సార్వాకంటె హెచ్చు.

అయితే పాతర తెరచుట యెంత నిజమో, మరల మూసికొనుటయు అంత నిజము. వరి కోతకు ముందు నీరు తీసివేయగా నేలలోనికి గాలి చొరబడును. కరగు ఇనుము మరల తుప్పుగా మారును. ఈ క్రొత్త తుప్పు పాతదానికంటె మెత్తనిది, విరిసినది. భాస్వరమును గట్టిగా పట్టుకొను శక్తి దీనికి ఎక్కువ. ఇచ్చటనే మన ప్రాంతపు రెండవ పంటకు చిక్కు వచ్చుచున్నది.

డెల్టాలో వరి కోయుటకు రెండు మూడు దినములు ముందు, మడిలో పదునుండగనే మినుము చల్లుట అందరికిని తెలిసినదే. దుక్కి లేదు, ఎరువు వేయుటకు చోటు లేదు. మినుము వేరుబుడిపెలకు భాస్వరము అవసరము. అది మొలకెత్తు సమయమునకే మడి ఆరుచు భాస్వరమును మరల బంధించుచుండును. పల్లాకు తెగులు బాధకు మినుము మానిన పలువురు రైతులు వరి మాగాణులలో దున్నకయే మొక్కజొన్న, జొన్న వేయుచున్నారు. మొక్కజొన్న వరితో సమానముగనో, అంతకు మించియో భాస్వరమును కోరును. లేత దశలో దాని ఆకులు ఊదారంగు తిరుగుట పలుమార్లు ఈ కొరత గుర్తే. కాబట్టి వరిలో తగ్గించిన భాస్వరమును రెండవ పంటలో కూడ తగ్గింపదలచుట పొరపాటు. వరికి నీరు సహాయము చేయును, మొక్కజొన్నకు చేయదు. ఉన్న ఎరువులో అధికభాగము మొక్కజొన్నకు, విత్తనము దాపున మన్నులో పడునట్లు వేయుట తెలివి.

ఇక నేలకు వేయు ఇతర పదార్థములు ఈ పాతరపై ఎట్లు పనిచేయునో చూతము.

పచ్చిరొట్ట ఎరువులలో జీలుగ, జనుము, పిల్లిపెసర మన రైతులకు పరిచితములే. ఇవి మడిలో క్రుళ్లునపుడు పుట్టు ఆమ్లములు మన్ను కణములపై భాస్వరము అంటుకొను తావులను కొంతవరకు తామే ఆక్రమించును. క్రుళ్లుటచే బొగ్గుపులుసు గాలి పెరిగి, ఇనుము మారుట త్వరితమై, విడుదల వేగమగును. వరికి వేయదలచిన భాస్వరమును జీలుగకే వేసి, ఆ జీలుగను మడిలో కలియదున్నుట కూడ మంచి పద్ధతియే. జీలుగ ఏపుగా పెరుగును. దానిలో చేరిన భాస్వరము క్రుళ్లినపుడు వరికి అందును. పశువుల ఎరువు కూడ ఇదే విధమున మేలుచేయును. భాస్వరమును కరగించు జీవన ఎరువులు నేలలో నున్నదానిని పైకి తెచ్చుటకు తోడ్పడునేగాని క్రొత్తగా భాస్వరమును సృష్టింపవు. పాతర నిండుగా నున్న చోటనే వాటికి పని యున్నది.

జిప్సము సంగతి వేరు. చౌడునేలలు రెండు విధములు. తెల్లని ఉప్పు పొర తేలునది పాలచౌడు. దానికి మంచినీరు కట్టి మురుగు తీయుటయే ప్రధానమైన మందు, జిప్సముతో పనిలేదు. నల్లగా, జారుడుగా, నీరింకక యుండునది కారుచౌడు, దానికే జిప్సము. కారుచౌడులో భాస్వరము సోడియముతో కలిసి కరగియుండును గనుక పరీక్షలో అంకె ఎక్కువగా కనబడును. హర్యానాలోని కర్నాలులో 1969లో స్థాపితమైన కేంద్ర లవణనేలల పరిశోధన సంస్థ అనుభవములో, ఇట్టి నేలలను బాగుచేసిన మొదటి కొన్ని యేండ్లు భాస్వరపు టెరువు అవసరమే కనబడలేదు. కాని జిప్సములోని సున్నము భాస్వరమును బంధించును. కొంత నీటితో క్రిందికి దిగును. కనుక నేల బాగుపడినకొలది ఆ అంకె తగ్గుచు వచ్చును. జిప్సము వేసిన రైతు రెండు మూడేండ్ల కొకసారియైన మన్ను పరీక్షింపించుట అవసరము. జిప్సము వేసి, నీరు నిలిపి, మురుగు తీసిన తరువాతనే భాస్వరపు టెరువు వేయవలెనుగాని రెండును ఒకేసారి వేయరాదు. కేరళము, ఈశాన్య రాష్ట్రములందలి ఆమ్లనేలలలో సున్నము వేసినచో భాస్వరము విడుదలయగును. అచ్చటివారు చెప్పిన దానిని విని మన సున్నపు నేలలలో మరల సున్నము వేయుట తగదు.

భాస్వరము అతిగా చేరుటచే కలుగు మరియొక నష్టము జింకు లోపము. నీటమునిగిన క్షారనేలలలో జింకు సహజముగనే తక్కువగా అందును. భాస్వరము మితిమీరినచో ఇంకను తగ్గును. ఆకులపై తుప్పుమచ్చలు, పైరు గిడసబారుట దీని గుర్తులు. పంత్‌నగరములో నేనే అను శాస్త్రవేత్త 1966లో ఖైరా తెగులునకు కారణము జింకు లోపమే యని నిరూపించినారు. జింకు సల్ఫేటు ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోలు, లేక పైరుపై లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఇచ్చుట వాడుకలో నున్నది. దానిని భాస్వరపు టెరువుతో మాత్రము కలుపరాదు. రెంటికి నడుమ మూడు దినములైన ఎడముండవలెను. రెండవ బస్తా డి.ఎ.పి. కొని, అది తెచ్చిన లోపమునకు జింకు కూడ కొనుట ఒకే తప్పునకు రెండు జరిమానాలు చెల్లించుటయే.

ఈ మూడు ప్రాంతములును ఒక్కటి కావు. తెనాలి నల్లమన్నులో పాతర లోతైనది; అచ్చట పొదుపునకు అవకాశము హెచ్చు. బాపట్ల వైపు సముద్రపు దరిని ఇసుకనేలలున్నవి. బంకమన్ను తక్కువగుటచే అవి భాస్వరమును అంతగా పట్టి యుంచలేవు. ఎక్కువ వేసినచో నీటితో క్రిందికి జారును. ఇట్టి చోట తక్కువ మోతాదు, దానితో పశువుల ఎరువు, పచ్చిరొట్ట ముఖ్యము. 1945లో నెలకొన్న వ్యవసాయ కళాశాల బాపట్లలోనే యున్నది. 1986లో విడుదలయైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఆ ఊరి పేరునే మోయుచున్నది. సలహాకై దూరము పోనక్కరలేదు. ఇక రేపల్లె ప్రాంతము కాలువల చివరిది. నీరు ఆలస్యముగా వచ్చును, ముందుగా పోవును. ఉప్పు బాధ కలదు. మడి మాటిమాటికి ఆరి తడియుచుండుటచే పాతర తెరచుట, మూయుట పలుమార్లు జరుగును. ఇచ్చట కార్డులోని అంకెతోపాటు నీటి భరోసాను కూడ లెక్కింపవలెను.

భాస్వరపు టెరువు వేయవలసిన సమయము ఆఖరి దమ్ము. మొత్తమును అప్పుడే వేసి మన్నులో కలుపవలెను. పైరు పెరిగిన తరువాత నిలువనీటిలో చల్లినచో నాచు పెరుగును. అటుపిమ్మట నీరు వదలినచో మురుగుకాలువల వెంట సముద్రము దారి పట్టును. ఎరువు వేసిన కొన్ని దినముల వరకు గట్లు కట్టుదిట్టముగా నుంచుట మంచిది.

పైపాటుగా డి.ఎ.పి. చల్లినవారు మాత్రము, "వేసిన వారమునకే పైరు నల్లబడినది" అని చెప్పుట కలదు. వారు చూచినది నిజమే. కాని ఆ పచ్చదనము భాస్వరము వలన కలిగినది కాదు. డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజని కూడ నున్నది; పైరును నల్లబరచినది అదియే. అదే నత్రజని 20 కిలోల యూరియాలో లభించును. మన గృహిణి భర్తగారి భయమునకు మూలము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. డి.ఎ.పి. తగ్గించిన మడి వెలవెలబోయినచో, తగ్గిన భాస్వరముపై నింద పడును. నిజమునకు తగ్గినది నత్రజని.

కావున వారికి మా సలహా యిది. కార్డులో భాస్వరము హెక్టారుకు 10 కిలోలలోపు ఉన్నచో తక్కువ, 10 నుండి 25 వరకు మధ్యమము, 25 దాటిన ఎక్కువ. కార్డు అంకె ఏ రూపములో నున్నదో, అనగా భాస్వరమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో, ముందు చూచుకొనవలెను. రెండవదైనచో అంకె రెండుంబావు రెట్లు పెద్దదిగా కనబడును. ఎక్కువ యున్న పొలములో సిఫారసు చేసిన మోతాదునుండి నూటికి 30 పాళ్లు తగ్గించుట వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పు వాడుక. రెండవ బస్తా యైతే నిస్సంశయముగా అనవసరము. పైరు కొనిపోవు 14 కిలోలకు ఒక్క బస్తాలోని 23 కిలోలే మించియున్నవి.

భయము తీరుటకు ఒక మార్గము కలదు. ఒక మడిని నడుమ గట్టు వేసి రెండు చేయవలెను. ఒక సగములో అలవాటు ప్రకారము ఎకరమునకు రెండు బస్తాల లెక్కను, రెండవ సగములో ఒక బస్తా లెక్కను వేయవలెను. తగ్గించిన సగములో ఎకరమునకు 20 కిలోల యూరియా లెక్కను కలుపవలెను. కోత తరువాత రెండు సగముల ధాన్యమును వేరువేరుగా తూచవలెను. అప్పుడు కార్డును గాని, అలవాటును గాని, మమ్ములను గాని నమ్మవలసిన పని యుండదు, కాటాయే చెప్పును.

మన్ను తీయునపుడు గట్ల దగ్గర, చెట్ల క్రింద, పెంటకుప్ప వేసిన చోట తీయరాదు. వేసవిలో, ఎరువు వేయకముందు, ఎకరములో ఎనిమిది పది చోట్ల జానెడు లోతున మన్ను తీసి, కలిపి, నీడను ఆరబెట్టి, అరకిలో మాత్రము పంపవలెను. మన్ను సరిగా తీయనిచో ఎంత గొప్ప ప్రయోగశాలయు సరియైన జవాబు చెప్పలేదు.

చివరగా, ఆ ఉత్తరములో ఆమె అడుగకుండ వదలిన ప్రశ్న ఒకటి యున్నది. పొలము కౌలుది. పాతరలో చేరిన 32 కిలోలు ఎవరివి? ఎరువు కొన్నది కౌలుదారు. నిలువ యున్నది ఆసామి నేలలో. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టము 2019లో వచ్చినను, ఆ ఒప్పందపు గడువు 11 మాసములే. వచ్చే యేడు పొలము మరియొకరికి పోయినచో, ఈమె కొన్న భాస్వరముతో వారు పండింతురు. పొలము ప్రతి యేటా చేతులు మారుచున్నచో నిలువయున్నదని తెలిసికొనువారు లేరు. ప్రతి కౌలుదారును క్రొత్తగా రెండు బస్తాలు కొనుచునే యుండును. కనుక కౌలు మాట్లాడుకొను దినమున పంట బస్తాలతోపాటు పొలము భూసారపరీక్ష కార్డును కూడ చూపుమని ఆసామిని అడుగుట న్యాయము. అది ఇచ్చుట ఆసామికి పైసా ఖర్చు కాదు. కౌలుదారునకు ఎకరమునకు ఒక బస్తా మిగులును.

ఆ బస్తా చిన్నది కాదు. 2021 మే నెలలో ప్రపంచ విపణిలో ధరలు పెరిగినపుడు, బస్తా అసలు ధర 2,400 రూపాయలకు చేరగా, రైతునకు 1,200 రూపాయలకే అందించుటకై కేంద్ర ప్రభుత్వము బస్తాకు 500 రూపాయలుగా నున్న రాయితీని 1,200 రూపాయలకు పెంచవలసివచ్చినది. భాస్వరపు ముడిరాయికి, ఆమ్లమునకు మన దేశము చాలవరకు విదేశములపై ఆధారపడియున్నది. ఓడలలో వచ్చిన ఆ సరకును ఇప్పటికే నిండిన పాతరలో పోయుట ఇంటికిని నష్టమే, దేశమునకును నష్టమే.

రేపల్లె సోదరి అడిగిన ప్రశ్నకు ఒక్కమాటలో మా సమాధానము: అమ్మా, మీ యెరువు ఎక్కడికిని పోలేదు, మీ కాళ్ల క్రిందనే యున్నది. రెండవ బస్తా కొనుటకు ముందు, ఉన్నదానిని ఒకసారి లెక్క చూచుకొనుడు.